నాయనమ్మ కాశీయాత్ర

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పెడివారు. రైళ్లు లేని కాలమున ఆ మాట సత్యమే. కాలినడకను బయలుదేరిన వృద్ధుడు మరల ఇల్లు చేరునన్న నమ్మకము లేదు గనుక, బంధువులు ఊరి పొలిమేర దాక సాగనంపి, కన్నీరు తుడుచుకొని మరలెడివారు. నేనొక వృద్ధురాలిని పొలిమేర దాకనైనను సాగనంపకయే కాశికి పంపితిని. అది 2008వ సంవత్సరము. ఆమెను పంపుటకు నాకు ఒక్క వాక్యము చాలెను. ఆ వాక్యము వ్రాయుటకు రెండు నిమిషములు కూడ పట్టలేదు.

నేను హైదరాబాదు నగరమున టెలివిజను ధారావాహికలకు సంభాషణలు వ్రాసి జీవించినవాడను. అది గొప్ప సాహిత్యమని నేనెన్నడును చెప్పుకొనలేదు. ప్రతిదినము రాత్రి ఒక నియతమైన వేళకు వేలకొలది గృహములలో ఒక కుటుంబము ప్రత్యక్షమగును. అత్తలు, కోడండ్రు, ఆస్తి తగాదాలు, తప్పిపోయిన బిడ్డలు, దాచిన ఉత్తరములు — ఈ సరకుతోనే మా వంట. చదువుకొన్నవారు నవ్వుదురు, నవ్వుచునే చూతురు.

ఇట్టి కథలను ఆంగ్లభాషలో 'సోప్ ఒపేరా' లందురు. సోపనగా సబ్బు; ఒపేరా యనగా సంగీతనాటకము. సబ్బునకును సంగీతనాటకమునకును పొత్తేమి యని మీకు సందేహము కలుగవచ్చును. ఈ కథలలో సంగీతమును లేదు, సబ్బును లేదు. 1930 ప్రాంతములయందు అమెరికా దేశమున పగటిపూట ఇంటిపని చేసికొను స్త్రీలకొఱకు రేడియోలో అనుదిన కథలు ప్రసారము చేయసాగిరి. బట్టలుదుకు సబ్బులు, పొడులు తయారుచేయు వర్తకులు వాటి ఖర్చు భరించి, కథ నడుమ తమ సరకును ప్రకటించుకొనెడివారు. అందుచే పత్రికలవారు వేళాకోళముగ పెట్టిన పేరిది. వేళాకోళము మఱుగుపడి పేరు మాత్రము నిలిచినది.

ఆ తొలినాటి కథలలో 'మా పెర్కిన్స్' అనునది యొకటి. 1933లో మొదలైనది. 'ఆక్సిడాల్' అను సబ్బుపొడి దానిని పోషించెను. ఒక చిన్న ఊరిలో కలప అడితి నడుపుకొను వృద్ధ వితంతువు అందు నాయిక. ఊరివారి కష్టసుఖములన్నియు ఆమె చెవిని పడవలసినదే. శ్రోతలు ఆమెను తమ ఇంటి అవ్వగనే తలచిరి. కాని ఆ పాత్ర ధరించిన వర్జీనియా పేన్ అను నటికి అప్పుడు 23 సంవత్సరములు మాత్రమే! గొంతు మార్చి ముసలితనము తెచ్చిపెట్టుకొనెడిది. ఇరువదియేడు సంవత్సరములు ఆ పాత్రను మఱియొకరికి ఇవ్వక ఆమెయే నిర్వహించెను. 7,065 భాగములు ముగిసిన పిమ్మట, 1960 నవంబరు 25వ తేదీన ఆ కథ ఆగిపోయినపుడు, ఆమె పాత్రను ప్రక్కకు పెట్టి తన స్వంత మాటలతో శ్రోతలకు కృతజ్ఞత తెలిపి సెలవు తీసికొనెను. ముసలితనము నటించుచు, దానికి సగము దూరము నడచి, అచ్చట ఆగగలిగిన అదృష్టవంతురా లామె.

అందఱకు అట్టి యదృష్టము పట్టదు. నవలలోని అవ్వ రచయిత ఇచ్చిన వయస్సుననే నిలిచియుండును. నూఱేండ్ల తరువాత చదివినను ఆమె మోకాళ్లు నొప్పులు పెట్టవు. చలనచిత్రము రెండున్నర గంటలలో ముగియును. ధారావాహిక యట్లు కాదు. అది పది, ఇరువది, యేబది సంవత్సరములు సాగవచ్చును. కథలోని మనిషియు, ఆ మనిషిని ధరించిన మనిషియు ఒకే శరీరమున ఒక్కటిగా ముదుసలులగుదురు. నటుని చెవి మందగించిన పాత్ర చెవియు మందగించును. నటుని ఊపిరి యాగినపుడో? కథ ఆగదు, మఱునాటి భాగము మఱునాడు ప్రసారము కావలయును. అప్పుడు మావంటి వ్రాతగాండ్ర చేతికి ఆ సమస్య వచ్చును.

ఊపిరి యాగకముందే వచ్చు సమస్య మఱింత కఠినము. అనుదిన ధారావాహికకు సుమారుగ దినమునకొక భాగము చిత్రించుచుందురు. ఉదయము చేతికిచ్చిన పుటలను మధ్యాహ్నము లోపల కంఠస్థము చేయవలెను. ఉడుకెత్తించు దీపముల క్రింద గంటలకొలది నిలువవలెను. ఒకరు మాట మఱచిన పదిమంది మరల మొదటినుండి చెప్పవలెను. ఇది యొక కారణము. ప్రకటనలిచ్చు వర్తకులు యువజనుల చూపునకు ఎక్కువ వెల కట్టుదురు గనుక, కథాగమనమును పడుచు జంటల వైపునకు త్రిప్పుచుందురు. ఇది రెండవ కారణము. ఈ రెండింటి నడుమ వృద్ధనటుడు నలిగి, మొదట వారమునకు నాలుగు దినములనుండి ఒక దినమునకును, పిమ్మట పండుగలకును, తుదకు మెట్లమీది గదిలో 'నిద్రించుచున్న' వానిగను మాఱిపోవును.

మా ధారావాహికలో నాయనమ్మ పాత్ర ధరించిన ఆమెకు 78 సంవత్సరములు. ఒకప్పుడు పద్యనాటకములలో చంద్రమతి పాత్రకు పేరుపొందిన నటి. నేను వ్రాసిన రెండు వాక్యముల మాట నాలుగుమాఱులు తప్పెడిది. కాని దీపములు సర్దుచున్న వ్యవధిలో ఎవరైన అడిగినచో, అరువదియేండ్ల క్రిందట నేర్చిన పద్యములను ఒక్క అక్షరము పొల్లుపోకుండ, రాగము చెడకుండ పాడెడిది. దీపములు సర్దు పిల్లవాండ్రు నిచ్చెనలపై నిలిచి వినెడివారు. ఒకనాడు నిర్మాత నన్ను పిలిచి, "వచ్చే వారమునుండి పెద్దమ్మ అక్కరలేదు. ఏదో ఒకటి వ్రాయండి," అనెను. నేను వ్రాసితిని. టెలిఫోను మ్రోగును. పెద్దకొడుకు దానినెత్తి విని, వంటయింటివైపు తిరిగి, "అమ్మ క్షేమముగ కాశి చేరినదట. కొన్నాళ్లక్కడనే ఉండునట," అనును. కోడలు "మంచిదే" అనును. అంతటితో కథ పెండ్లిచూపులలోనికి పోయినది.

ఆ సంగతి ఆమెకు చెప్పవలసినవారెవరో మేము నిర్ణయించుకొనలేదు. నిర్మాత దర్శకుడు చెప్పుననుకొనెను; దర్శకుడు నేను చెప్పుదుననుకొనెను; నేను ఏమియు అనుకొనకుంటిని. ఉదయము కారు రాకపోగా ఆమెయే గ్రహించినది. ఆ రాత్రి ప్రసారము చూచి నాకు ఫోను చేసెను.

"నాయనా, కాశికి పంపినావు, సంతోషమే. మనవారు కాశికి పోయి ఇష్టమైనది ఒకటి అక్కడ విడిచి వత్తురు గదా. మీరు విడిచినది నన్నేనా?"

నేను "కొన్నాళ్లే, అమ్మా" అంటిని. ఆమె నవ్వి, మా బిడ్డకు వచ్చిన జ్వరము తగ్గినదా యని విచారించి ఫోను పెట్టివేసెను.

తరువాతి యేడు వేసవిలో ఆమె మరణించినది. పత్రికలో ఒక మూలన నాలుగు పంక్తులు వేసిరి. ఆ దినమున అప్పగించవలసిన భాగమొకటి మిగిలియుండుటచే నేను పోలేదు. మా కథలో నాయనమ్మ కాశిలోనే యుండెను. గోదావరి జిల్లాలోని ఒక పల్లెనుండి ఒక వృద్ధురాలు, పలకపై దిద్దినట్టి గుండ్రని అక్షరములతో ఒక ఉత్తరము వ్రాసెను: "నాయనమ్మగారు కాశినుండి ఎప్పుడు వత్తురు?" దానికి నేను ప్రత్యుత్తరము వ్రాయలేదు.

2010వ సంవత్సరము శరదృతువున మా పెద్దమ్మాయి ప్రసవమునకై నేనును నా భార్యయు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునకు పోయి కొన్ని మాసములుంటిమి. ప్రక్కయింట ఒక ఆంగ్ల వృద్ధ ఒంటరిగ నుండెడిది. నా వృత్తి యేమో తెలిసిన పిమ్మట ఆమె నన్ను తమ ఊరి ధారావాహికను చూచుటకు పిలిచెను. 'కొరొనేషన్ స్ట్రీట్' అనునది 1960 డిసెంబరు 9వ తేదీన ఆ నగరముననే పుట్టినది. ఒక వీధి, దాని చివర ఒక పానశాల, ఇరుకిండ్లలో కూలినాలి చేసికొను జనము — ఇదియే దాని ప్రపంచము. మొదటి భాగమునందు విద్యార్థిగ కనబడిన విలియమ్ రోచ్ ఆ కథలోనే తాతయై యుండెను. ఆ యవ్వ మొదటినాటి భాగము మొదలుకొని చూచుచున్నదట.

నవంబరు 8వ తేదీ సోమవారము. జాక్ డక్‌వర్త్ అను వృద్ధుని జన్మదినము కథలో జరుగుచుండెను. పావురములు పెంచుకొనుచు, విరిగిన కళ్లజోడునకు అతుకుపట్టీ చుట్టుకొని తిరుగు సోమరి జాక్. ఆ పాత్ర ధరించిన బిల్ టార్మీ కుటుంబకారణములచే తానే సెలవు కోరెను. అతని భార్య వీరాగ నటించిన లిజ్ డాన్ ఊపిరితిత్తుల వ్యాధిచే రెండేండ్లకు ముందే విరమించుకొనెను. 2008 జనవరిలో వీరా తన కుర్చీలో కూర్చుండి నిద్రలోనే పోయినట్లు చూపిరి. నేను చూచిన దినమున, విందునుండి జాక్ ఒంటిగ ఇంటికి వచ్చి అదే విధముగ కుర్చీలో కూర్చుండెను. అప్పుడు తలుపు దగ్గఱ వీరా నిలిచియుండెను! ఇద్దఱును ఎప్పటివలె కొంచెము పోట్లాడుకొనిరి. పిమ్మట ఆ యిరుకు గదిలోనే చేతులు పట్టుకొని నెమ్మదిగ నాట్యమాడిరి. మఱుక్షణమున కుర్చీలో జాక్ మాత్రమే యుండెను. అతని కన్నులు మూతపడి యుండెను.

లిజ్ డాన్ జబ్బుతోనే యుండి, ఆ యొక్క దృశ్యమునకై మరల వచ్చెనని నాకు తరువాత తెలిసెను. మా ప్రక్కయింటి అవ్వ నిశ్శబ్దముగ ఏడ్చుచుండెను. ఏమి చేయవలెనో తోచక నేను తేనీటి గిన్నెలు కడిగి వచ్చితిని.

(ఇక్కడ ఒక మాట చెప్పవలెను. బ్రిటిషు ధారావాహికలలో చేతుల కుర్చీకి యముని మహిషమంత ప్రసిద్ధి కలదు. వీరా అందే పోయెను, జాక్ అందే పోయెను. 'ది ఆర్చర్స్' అను రేడియో కథలో, తొలినుండి ఫిల్ ఆర్చర్‌గ నుండిన నార్మన్ పెయింటింగ్ 2009లో మరణింపగా, 2010 ఫిబ్రవరిలో ఫిల్ కూడ కుర్చీలో సంగీతము వినుచునే పోయెను. వ్రాతగాండ్రకు ఇంతకంటె మెత్తని చావు దొరకలేదు గాబోలు. నేను ఎగతాళి చేయుటలేదు. నాకు ఆపాటి కుర్చీ వేయుటకైనను తోచలేదు.)

కన్నీరు తుడుచుకొని అవ్వ పాతకథలు చెప్పసాగెను. ఆ వీధిలో తొలినాళ్ల మహారాణి ఈనా షార్పుల్స్. తలకు వల కట్టుకొని, మూతి బిగించి, వీధివారందఱ తప్పులెన్ను ముసలిది. వయొలెట్ కార్సన్ అను నటి ఆ పాత్ర ధరించెను. నిజమునకామె మృదుస్వభావురాలు, మంచి పియానో విద్వాంసురాలునట. 1980లో ఆరోగ్యము చెడి ఆమె మానుకొనెను. కథలో ఈనా సముద్రతీరమున సెయింట్ ఆన్స్ అను ఊరికి పోయినట్లు చెప్పిరి. 1983లో కార్సన్ మరణించినది. ఈనా మరణించినట్లు మాత్రము కథలో ఎన్నడును చెప్పలేదు.

"కావున నా లెక్కకు ఆమె ఇంకను అచ్చటనే ఉన్నది," అని అవ్వ అనెను. "ఇప్పుడామెకు నూటపది దాటియుండును."

ఆ మాటకు మా కాశి నాకు జ్ఞప్తికి వచ్చెను. ప్రతి దేశపు వ్రాతగానికిని ఒక కాశి యుండునన్న మాట! అమెరికావారి 'డాలస్' అను కథలో కుటుంబపెద్దయైన జాక్ యూయింగును ధరించిన జిమ్ డేవిస్ 1981 ఏప్రిలులో మరణించినపుడు, వారు ఆ పాత్రను మాసములకొలది దక్షిణ అమెరికాలో నుంచిరి. పిమ్మటనే అతడు హెలికాప్టరు ప్రమాదమున పోయెనని చెప్పి, గోడపై పెద్ద చిత్రపటము వ్రేలాడదీసిరి. ఆ కథలోనే తల్లి పాత్రధారిణి బార్బరా బెల్ గెడ్డిస్ 1984లో మానుకొనగా, డోనా రీడ్ అను మఱియొక నటిని అదే పేరుతో, అదే వంటయింటిలో నిలిపిరి. జనులు అంగీకరింపలేదు. ఏడాదిలోపల పాతతల్లి మరల వచ్చెను. అన్ని ఉపాయములలోను ఇది చౌకయైనది. తల్లిని మార్చి బిడ్డలు గుర్తింపనట్లు నటింపుమనుట నాకు మాత్రము రుచింపదు.

అదే మాంచెస్టరు వీధిలో పానశాల యజమానురాలు ఆనీ వాకర్‌గ నటించిన డోరిస్ స్పీడ్ సంగతి వేఱు. ఆమె 1899లో జన్మించెను. కథ ఆరంభమగునప్పటికే అరువది దాటినది. ఆ మాట దాచి, ఎంతో చిన్నదానినని చెప్పుకొని, ఇరువది మూడేండ్లు నడపుకొని వచ్చినది. 1983లో ఒక పత్రిక ఆమె జన్మపత్రము సంపాదించి ప్రకటించెను. ఆమె మరల ఆ వీధికి నటిగ రాలేదు. ఎనుబది నాలుగేండ్ల వయస్సున దినదినము పుటలు కంఠస్థము చేయగలిగిన స్త్రీని మెచ్చుకొనుటకు బదులు, ఆమె అంకె తప్పు చెప్పినదని పట్టుకొనిన ఆ పత్రికాధిపతి బుద్ధిని ఏమనవలెనో తెలియదు.

"మీ కథలలో ముసలివారిని ఎట్లు పంపుదురు?" అని ఆ రాత్రి అవ్వ నన్నడిగెను. నేను కాశి సంగతి చెప్పితిని. పుణ్యక్షేత్రమని, మా వారికి అచ్చట మరణించుట శుభమని కొంత వివరించితిని. ఆమె శ్రద్ధగ విని, "మరల వచ్చినదా?" అనెను. నేను లేదంటిని. "ఇంటివారు తలచుకొనుచుందురా?" అనెను. దానికిని లేదనియే చెప్పవలసి వచ్చినది.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత కూడ ఈ విషయమును గూర్చి చదువుట నేను మానలేదు. పశ్చాత్తాపము కొంత, వృత్తిసంబంధమైన కుతూహలము కొంత. చదివిన వానిలో ఎక్కువ వెలగలది షరీటా బావర్ కథ. 'గైడింగ్ లైట్' అను ధారావాహిక 1937లో రేడియోలో పుట్టి, 1952లో టెలివిజనునకు వచ్చి, 2009 వఱకు డెబ్బదిరెండేండ్లు సాగినది. అందు బెర్ట్ బావర్ అను గృహిణి పాత్రను ఆమె 1950 నుండియు ధరించెను. వార్ధక్యపు వాకిట రక్తప్రసారదోషముచే ఆమె కాలు తీసివేయవలసి వచ్చినది. ఇట్టి స్థితిలో ఎవరైనను ఆమెను ఏదో ఒక కాశికి పంపుదురు. వారు అట్లు చేయలేదు. కథలో బెర్ట్‌కును అదే వ్యాధి వచ్చినట్లు, అదే కాలు తీసినట్లు వ్రాసిరి. కృత్రిమపాదముతో మొదటి అడుగులు వేయుట ఆమె తన యింటను, తెఱమీదను ఒకే కాలమున నేర్చుకొనెను. 1985లో ఆమె మరణించినది. ఇల్లంతయు ఆమెకు వీడ్కోలు చెప్పుటకు మఱుసటి యేటి దాక తొందరపడలేదు.

దానికి సోదరి వంటిది 'యాజ్ ది వరల్డ్ టర్న్స్'. 1956 ఏప్రిలు 2వ తేదీన దాని మొదటి భాగమున మొదటి మాట పలికినది హెలెన్ వాగ్నర్. భర్తకు ఉదయపు పలకరింపు — అంతే. 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీపై కాల్పులు జరిగిన వార్త వచ్చినపుడు, ఆ కథ ప్రత్యక్షముగ ప్రసారమగుచుండెను. ఆమె సంభాషణ నడుమనే వార్తాప్రకటన ప్రవేశించెను. లోపలి నటులకు ఆ సంగతి తెలియదు. వారు తమ మాటలు తాము చెప్పుకొనుచునే పోయిరి. 2010 మే 1వ తేదీన, 91వ యేట, ఆమె మరణించినది. అప్పటికే ఆ ధారావాహికను నిలిపివేయ నిశ్చయించిరి. మిగిలినవి కొలది మాసములే. ఊరకుండినచో ఎవరును తప్పుపట్టరు. అయినను ఆ కొలది దినములలోనే నాన్సీ మరణమును కథలో చేర్చి, కుటుంబమంతయు కూడి దుఃఖించినట్లు వ్రాసిరి. సెప్టెంబరు 17న చివరి భాగమునందు చివరి మాట ఆమె కుమారుడు డాక్టరు బాబ్‌గ 1960 నుండి నటించిన డాన్ హేస్టింగ్స్‌ది. ఉద్యోగము విరమించి, తన గదిని చూచుకొని, శుభరాత్రి చెప్పి వెడలిపోవును. తల్లి ఉదయము పలికిన మాటకు ఏబదినాలుగేండ్లకు కొడుకు రాత్రి బదులు పలికినట్లు నాకు తోచినది.

ఇంగ్లండులో 'ఈస్ట్‌ఎండర్స్' కథ మఱియొక తీరు. డాట్ బ్రానింగ్‌గ నటించిన జూన్ బ్రౌన్ 1985లో వచ్చినది. కథలో ఆమె భర్త జిమ్ పాత్రధారి జాన్ బార్డన్‌కు 2007లో పక్షవాతము వచ్చెను. పాత్రకును పక్షవాతమే వచ్చెను. 2008 జనవరి 31వ తేదీన అరగంట భాగమంతయు జూన్ బ్రౌన్ ఒక్కతెయే! ఆసుపత్రిలోనున్న భర్తకు వినిపించుటకై ఒక యంత్రమునందు తన మనస్సులోని మాటలు పలికి భద్రపఱచుచుండును. అతనిని ఇంటికి తెచ్చుకొని సాకగలనో లేదో తనకే తెలియదని చెప్పుకొనును. అప్పుడామెకు ఎనుబది నిండవచ్చినవి గాదు, నిండినవి. ముసలివారు పుటలు మఱతురని నిర్మాతలు చెప్పుచుండగ, అరగంటసేపు ఒక్క గొంతుతో దేశమును కూర్చుండబెట్టినది ఆమె. తరువాత బార్డన్ కొంతకాలము అవిటితనముతోనే తెఱమీదికి వచ్చెను. 2020లో జూన్ బ్రౌన్ మానుకొనగ, డాట్‌ను ఐర్లండునకు పంపిరి. చూచితిరా, అదియు కాశియే. కాని 2022 ఏప్రిలులో ఆమె 95వ యేట మరణింపగ, ఆ డిసెంబరులో డాట్‌ను అంత్యక్రియలకై ఆ వీధికి తీసికొని వచ్చిరి. వెనుకటి పాత్రధారులు పలువురు వచ్చి నిలిచిరి.

రేడియోలో వయస్సు కనబడదు గనుక 'ది ఆర్చర్స్' లోని జూన్ స్పెన్సర్ 2022లో తన 103వ యేట విరమించెను! ఆమె పాత్ర పెగ్గీ. కథలో పెగ్గీ భర్తకు మతిమఱపు వ్యాధి వచ్చినట్లు వ్రాసినపుడు, స్పెన్సర్ నిజజీవితమున తన భర్తను ఆ వ్యాధిలోనే సాకియుండెను. ఆ భర్త పాత్ర ధరించిన ఆర్నాల్డ్ పీటర్స్‌ను కూడ తుదకు అదే వ్యాధి పట్టుకొనెను. ఏది ఎవరి కథయో వేఱుచేయుట వారికైనను సాధ్యమయ్యెనో లేదో.

మా ధారావాహిక 2011లో ముగింపునకు వచ్చెను. చివరి వారమునకు కథ అప్పగించుటకు పోయినపుడు నేను నిర్మాతతో, నాయనమ్మ కథ ముగింపవలెనంటిని. ఆయన మొదట ఏ నాయనమ్మ అనెను. గుర్తునకు వచ్చిన పిమ్మట, "జనులు ఎప్పుడో మఱచిపోయినారండీ" అనెను. నేను గోదావరి జిల్లా ఉత్తరము జేబులోనుండి తీసి బల్లపై నుంచితిని. ఆయన చదివి, చాలసేపు ఊరకుండి, "ఒక్క నిమిషము. అంతకు మించరాదు," అనెను.

ఒక్క నిమిషములో ఏమి వ్రాయవలెను? కాశినుండి వచ్చినవారు గంగాజలముతో మూత బిగించి లక్క వేసిన చిన్న రాగిచెంబులు తెచ్చి బంధువులకు పంచుట మీరెఱుగుదురు. వీధిలోనివారొకరు కాశినుండి వచ్చి, పెద్దకొడుకు చేతిలో ఆ చెంబునుంచి, "మీ అమ్మగారు పంపమన్నారు. మేము బయలుదేరక ముందే పోయినారు. సుఖముగనే పోయినారు," అని చెప్పును. కొడుకు, "ఆమె పీట ఎవరును తీయకండి," అనును. ఇంతే వ్రాసితిని.

ఆ కొడుకు వేషము వేసిన నటుడు ఆమెతో అయిదేండ్లు నటించినవాడు. చెంబు చేతిలో పడగానే అతడు ఆ మాట అనలేదు. చెంబును రెండు చేతులతో పట్టుకొని, ఆమె ఎప్పుడును కూర్చుండు మూలవైపు తిరిగి నిలుచుండెను. దర్శకుడు ఆపుమనలేదు. నిచ్చెనలపై దీపములు పట్టుకొని నిలిచిన వారిలో ఒకప్పుడు పద్యములు వినిన పిల్లవాండ్రిద్దఱు ఇంకను ఉండిరి. ఇప్పుడు వారికి మీసములు వచ్చినవి. నిర్మాత అనుమతించిన నిమిషము దాటి మఱి రెండు నిమిషములు గడచినవి. ప్రసారమున ఆ మూడు నిమిషములును ఉంచిరి. ఎవరు ఉంచమనిరో నేనడుగలేదు.

చిత్రణ ముగిసిన పిమ్మట సామానుల గది నౌకరు ఆ చెంబు నాకిచ్చెను. అందున్నది గంగ కాదు. కుళాయి నీరు పోసి అతడే లక్క వేసినాడు. నా వ్రాతబల్లపై నున్నది. మూత విప్పలేదు.

పదిదినముల తరువాత గోదావరి జిల్లానుండి ఆ గుండ్రని అక్షరములతో మఱియొక ఉత్తరము వచ్చెను. చిన్నది. "చెంబు వచ్చిన రాత్రి చూచినాను. పొద్దుపోయినా సరే, నూతికడ తలస్నానము చేసి పడుకొన్నాను. ఇన్నాళ్లు తెలియక చేయలేదు," అని యుండెను. ఈమాఱు నేను ఆ పూటనే ప్రత్యుత్తరము వ్రాసితిని. నాయనమ్మ అసలు పేరు, ఆమె చంద్రమతి వేషము సంగతి, ఆమె పోయిన తేదీ — అన్నియు వ్రాసితిని.